ఆముదం తాగిన రీలు

గంగాధరం శెట్టి ఏ వస్తువునూ చూసి కొనడు, విని కొంటాడు.

కర్నూలు వన్‌టౌన్‌లో ఆయనది ఇత్తడి, కంచు సామాన్ల అంగడి. బిందెను వేలి కణుపుతో కొట్టి, మోత ఆరిపోయేదాకా కళ్లు మూసుకుని వింటే సన్నని పగులు ఎక్కడుందో ఆయనకు తెలిసిపోతుంది. వాళ్ల నాయన నేర్పిన విద్య అది. మన సీమలో ఇదేమంత వింత కాదు. బావి తవ్వేవాళ్లు బండను కొట్టి విని, నీళ్లున్నాయో లేవో చెప్పేవాళ్లు. కాకపోతే వాళ్ల చెవి బావి దగ్గరే ఆగింది. శెట్టి చెవి కూరగాయల బజారుకు కూడా పోయింది.

ఒకరోజు ఓబులమ్మ గంప ముందు గొంతుక్కూర్చుని ఒక వంకాయను చెవికి ఆనించుకున్నాడు.

"ఏం శెట్టీ, ఏమంటాంది వంకాయ?"

"వంకాయ ఏమీ అంటల్యా. లోపల పురుగు నములుతాండాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబులమ్మ పంతానికి కాయను రెండుగా చీల్చింది. పురుగు తలెత్తి, ఎవరప్పా తలుపు తీసిందన్నట్టు చూసింది. ఆనాటి నుంచి శెట్టి సందు మలుపు తిరిగితే చాలు, "శెట్టొస్తాండాడు, వంకాయల మీద గోనె కప్పండే!" అని ఓబులమ్మ కేక.

భార్య ప్రమీలమ్మది ఇంకో బాధ. పెళ్లిచూపుల్లో ఆమె ఓరగా చూసినప్పుడల్లా పెళ్లికొడుకు కళ్లు మూసుకునే ఉన్నాడు. పాపం సిగ్గేమో అనుకుని మురిసింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు బయటపడింది అసలు సంగతి. ఆమె కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టిన చప్పుడు విని సరేనన్నాడట. "తొణక్కుండా, తొందరపడకుండా పెట్టింది. ఇంక చూసేదేముండాది?" అన్నాడు. అప్పట్నుంచి కోపమొచ్చినప్పుడు ఆమె గ్లాసులు దబీమని పెడుతుంది. ఆయన వంటింటి వైపు చెవి తిప్పి, "పిల్ల మారిపోయిందే!" అంటాడు.

ఇంత చెవి ఉన్న మనిషికి ప్రాణస్నేహితుడు ఒక్కడే, కల్లూరు బసవరాజు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. శెట్టికి చెవి ఎట్లాగో ఆయనకు కన్ను అట్లాగ. టేపు పెట్టకుండా చూసి "అంగుళం తక్కువుండాది" అన్నాడంటే అంగుళమే తక్కువ. ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక తెల్ల ఇంజినీరు పోతూ పోతూ తన గాలం కర్ర ఆయనకిచ్చిపోయాడు. వేలంత సన్నం, ఈకంత తేలిక. దానికి వానపాములూ ఎరలూ ఉండవు. ఈకలతో కట్టిన దొంగ ఈగను దారం కొసకు ముడేసి, గాలిలో ఆడించి నీళ్ల మీద వాలిస్తే, చేప నిజమని నమ్మి వస్తుంది.

శెట్టి వైశ్యుడు, బసవరాజు లింగాయతు. రెండిళ్లలోనూ కోడిగుడ్డు గడప దాటదు. ఆదివారం పొద్దున్నే తుంగభద్ర ఒడ్డుకు పోయి చేపను పట్టడం, దానికొక దణ్ణం పెట్టి మళ్లీ నీళ్లలో వదలడం, ఇదీ వాళ్ల వేట. "మీకు పడేవన్నీ పోయినవారం పడినవే. వాటికి మీ ఇండ్ల సంగతి తెలుసు, గాలి మార్పుకు వస్తాండాయి" అని ప్రమీలమ్మ ఎగతాళి.

అట్లాంటిది, పోయిన వానాకాలం చివర ఒక ఆదివారం బసవరాజు కర్ర విసిరేసరికి రీలు ఊడి లోతైన గుండంలో పడిపోయింది. రీలంటే కర్ర పిడి కింద దారం చుట్టుకునే చక్రం. దాని మర సరిగ్గా బిగించలేదు. ఎన్ని మిషన్లు బిగించిన చెయ్యది! ఆ పూట నుంచి బసవరాజు నీళ్లకాడికి రావడం మానేశాడు. తర్వాత వీధిలోకి రావడమే మానేశాడు.

శెట్టి దంపతులు కల్లూరు పోయి చూస్తే, వరండాలో గోడ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. గాలం కర్ర మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

"ఎవరూ?"

"మేమే బసవన్నా" అంది ప్రమీలమ్మ.

"నువ్వా చెల్లెమ్మా! రా, రా."

శెట్టి తువ్వాళ్లు తీసి మడిచిపెట్టాడు. "కర్ర నాకియ్యి బసవప్పా. దీనికి తగిన రీలు తెస్తా."

"తీస్కపో. పొయ్యిలో పెట్టుకో. ఇంకొక రీలు కొనేది ఉత్త దుడ్ల దండగ."

"మరి ఆదివారం?"

"ఆదివారాలు అయిపోయినాయి శెట్టీ."

తిరిగొచ్చి ఇంటిముందు షేరాటో దిగాక, "ఈ మనిషిని మళ్లీ నీళ్లకాడికి తేకపోతే ఆ గోడతోనే తెల్లారిపోతాది బతుకు, ప్రమీలా" అన్నాడు.

అట్లా మొదలైంది రీలు వేట. హైదరాబాదులో ఉండే కూతురు శ్రీవిద్య ఫోనుకు బొమ్మలు పంపింది. కొత్త రీళ్లు నిగనిగలాడుతున్నాయి, ధరలు అంతకన్నా నిగనిగలాడుతున్నాయి. పాతవాటిలో కొన్నింటి ధర చూస్తే, తాతగారి రీలు కాదు, తాతగారినే అమ్ముతున్నట్టుంది.

"పాతది కావాల, చవకది కావాల, సన్నకర్రకు తగినట్ల తేలికది కావాల," అన్నాడు శెట్టి. "అన్నిటికన్నా ముందు, దానికి నోరుండాల."

"రీలుకు నోరేంది నాన్నా?"

నోరంటే ఇదీ. పాత రీళ్ల లోపల ఒక పళ్లచక్రం, దాన్ని ఒత్తుకుని ఒక చిన్న ఇనుప నాలుక ఉంటాయి. చేప దారం లాగితే నాలుక పళ్ల మీద ఎగిరెగిరి పడి కిర్రుమంటుంది. కొత్తవి చాలామటుకు మూగవి. అమ్మేవాళ్లకు అదే గొప్ప.

"చప్పుడే రాదు సార్, వెన్నలాగా తిరుగుతుంది!" అన్నాడు ఫోనులో ఒకడు.

"అట్లయితే వద్దప్పా."

ఇంకొకడు, "కొంచెం మోత ఉంది సార్, నూనె వేస్తే పోతుంది" అన్నాడు భయపడుతూ.

"నూనె వెయ్యొద్దు! ఫోను దగ్గర పెట్టి తిప్పు." శెట్టి కళ్లు మూసుకున్నాడు. "దగ్గుతాండాది. పళ్లరిగినాయి, వద్దు."

మూడోవాడి రీలు బాగానే అరిచింది. "అరుస్తాండాది కానీ, చుట్టుకొకసారి గీసుకుంటాండాది. అంచు సొట్టపోయిందే, కిందేసినావా?" అన్నాడు శెట్టి. అవతల ఫోను ఠక్కున ఆగిపోయింది.

"అమ్మా, నాన్న నంబరును దేశమంతా బ్లాక్ చేస్తాంది" అని శ్రీవిద్య మొత్తుకుంది.

చివరకు గుంతకల్లు రైల్వే కాలనీలో జెస్సీ అనే రిటైరైన టీచరమ్మ ఇంట్లో, ఇంజను డ్రైవరుగా చేసిన వాళ్ల నాన్న దాచిన పాత రీళ్లు పెట్టెడు ఉన్నాయని తెలిసింది. గాలం కర్ర పట్టుకుని మొగుడూ పెళ్లాం రైలెక్కారు. గుంతకల్లులో దిగగానే శెట్టి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాడు. మునుపు రైలు ఆగితే ఒక మనిషి సుత్తి పట్టుకుని చక్రాలన్నిటినీ కొట్టుకుంటూ, వింటూ పోయేవాడు. "లోకంలో నాకోసమే పుట్టిన ఉద్యోగం అదొక్కటే ప్రమీలా, తప్పిపోయింది" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోకపోతే రైలు చక్రాన్ని కొట్టి చూసేవాడే.

జెస్సీ పెట్టె తెరిచింది. శెట్టి ఒక్కొక్క రీలునూ కర్రకు బిగించి, పిడికి ముందు చూపుడు వేలి మీద నిలబెట్టాడు. తక్కెడ చూసే చెయ్యి కదా. ఒకటి పెద్దదై కర్ర వెనక్కి ఒరిగిపోయింది. "పిల్ల సన్నం, పిల్లోడు లావు. కుదర్దు." ఇంకొకదాని కింది పట్టీ పిడిలో ఇమడలేదు. మిలమిల మెరిసే ఇత్తడిది ప్రమీలమ్మకు నచ్చింది. శెట్టి చెవి దగ్గర తిప్పి, "ఇత్తడి మంచిదే, కానీ గొణుగుతాండాది" అని పక్కన పెట్టాడు.

అట్టడుగున నల్లరంగు సగం రాలిపోయిన బక్క రీలొకటి దొరికింది. కర్ర వేలి మీద అడ్డంగా, కదలకుండా నిలిచింది. అంచు చుట్టూ గోరుతో రాసి చూశాడు, సొట్ట లేదు. దారం కొస పట్టి లాగాడు.

కిర్ర్ర్ర్ర్!

గడపలో పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి పారిపోయింది. జెస్సీ చెవులు మూసుకుంది. "అదొద్దప్పా! దాంతో పోతే చెరువుకాడ జనం మా డాడీని తిట్టేవాళ్లు."

"నాకిదే కావాలమ్మా."

"అయితే ఊరికే తీస్కపోండి, పీడ పోతాది!"

ఊరికే తీసుకోవడం శెట్టి వంశంలో లేదు. సంచీలోంచి ఒక కంచు గంట తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మోతకు మోత చెల్లు" అన్నాడు.

ఇంటికొచ్చాక శెట్టి తీరికైనప్పుడల్లా దారం లాగి వింటూ కూర్చున్నాడు. ఎదురింటి తిమ్మయ్య, "ఏం శెట్టీ, ఇంట్లో మగ్గం పెట్టినావా?" అని వచ్చి చూసిపోయాడు. ప్రమీలమ్మకు తన తలనొప్పి కన్నా బసవన్న సంగతి బాధైంది. అసలే మనసు బాగాలేని మనిషి, రేపు ఆదివారం ఆయన చేతిలో ఈ గయ్యాళిని పెడితే ఇంకా చెడిపోడూ? శనివారం శెట్టి అంగడికి పోగానే దీపాల గూట్లోంచి ఆముదం సీసా తీసింది. రీలు కడుపు నిండా పోసింది. చాలదేమోనని, ఆముదంలో తడిపిన దూది వత్తినొకదాన్ని పుల్లతో లోపలికి కుక్కింది. రీలు నోరు మూసింది. ప్రమీలమ్మ చేతులు కడుక్కుంది.

సాయంత్రం శెట్టి వచ్చి దారం లాగాడు. రీలు గుటక మింగింది. మళ్లీ లాగాడు. ఏమీ లేదు. ఆయన మొహం పాలిపోయింది.

"ఏమైందే దీనికి?"

"నేనే, ఆముదం పోసినా. వెన్నలాగ తిరుగుతాంది, చూడండి" అంది ఆమె, మెచ్చుకుంటాడని.

శెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "దాని నోరు పోగొట్టినావే! రేపు బసవప్పకు నేనేమిచ్చేది?"

"అదే ఇయ్యండి. తిరుగుతాందిగదా?"

"తిరిగేది వానికెట్ల తెలుస్తాది? వానికి కండ్లు కనపడ్డంల్యా, ప్రమీలా!"

ఆమె నిలుచున్నచోటే నిలిచిపోయింది. "ఎవరు చెప్పినారు?"

"వాని చెప్పులు చెప్పినాయి. మునుపు టకటకమని నడిచేవాడు. ఈ ఏడు కాలీడ్చి నేలను తడుముకుంటాండాడు. మొన్న నీ గొంతు వినేదాకా నిన్ను పోల్చుకున్యాడా? రీలు మర బిగించడం రాక పడేసుకున్యాడా వాడు? మర కనపడక. చేప లాగితే దారం కదిలేది కనపడదు. ఆ మాట నోటితో అనలేక, ఆదివారాలే అయిపోయినాయన్యాడు."

"నాతోనన్నా అనకపోతిరే!"

"వాడు చెప్పుకోనిది నేనెట్ల చెప్పేది? అరిచే రీలు తెచ్చినానంటే వానికి కూడా అనుమానం రాదు. శెట్టికి చెవిపిచ్చి అని ఊరంతా తెలుసు. నా పిచ్చి మాటున వాని మర్యాద నిలబడతాదని చూస్తి."

ప్రమీలమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపింది. "లేవండి. ఆముదం పట్టించింది నేను, వదిలించేది నేను. తలంటుకోని ఆడదాన్నా నేను?"

జడపిన్నుతో వత్తిని బయటికి లాగింది. గోరువెచ్చని నీళ్లు తోడింది. శీకాయ కలిపి, రీలును చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, పాత టూత్‌బ్రష్షుతో సందుసందునా రుద్దింది. జిడ్డు నురగై కారిపోయింది. మెత్తని పంచెగుడ్డతో తుడిచి, తడి ఆరడానికి సాంబ్రాణి పొగ కూడా పట్టింది.

"ఇప్పుడు లాగండి."

శెట్టి లాగాడు. రీలు ఒకసారి దగ్గింది. ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. ఆ తర్వాత, కిర్ర్ర్ర్ర్!

కాన్పు గది బయట నిలబడ్డవాళ్లలాగా ఇద్దరూ ఊపిరి వదిలారు. ఎదురింట్లోంచి తిమ్మయ్య, "మళ్లీ మొదలాయ గదప్పా!" అన్నాడు. అంత చల్లని మాట ప్రమీలమ్మ ఈ మధ్య వినలేదు.

మర్నాడు పొద్దున మొగుడూ పెళ్లాం పోయి పిలిస్తే బసవరాజు రానంటే రానన్నాడు. "రీలు నచ్చకుంటే నువ్వే దాన్ని గుండంలోకి విసిరెయ్యి, అందుకైనా రా" అని శెట్టి తెచ్చేశాడు. ఒడ్డున నిలబడి బసవరాజు దారం లాగి చూసి మొహం చిట్లించాడు. "ఏం రీలప్పా ఇది! పిండి గిర్నీకి పడిశెం పట్టినట్టుండాది."

"చవగ్గా దొరికింది, సర్దుకో."

బసవరాజు విసిరాడు. కన్ను మరిచినా మణికట్టు మరవలేదు. ఈగ పోయి నీళ్ల మీద వాలింది. శెట్టి పెదవులు కదులుతున్నాయి, చేపనే బతిమాలుతున్నాడో ఏమో.

కిర్ర్ర్ర్ర్!

బసవరాజు గడ్డం పైకి లేచింది. కర్ర విల్లులా వంగింది. "ఉండాది! ఉండాది శెట్టీ!" అని చిన్నపిల్లోడిలా అరిచాడు. అరచేతికి చాలని చేప. దణ్ణం పెట్టి వదిలాడు. ఎవరూ చెప్పకముందే మళ్లీ విసిరాడు.

"ఏమప్పా, వచ్చే ఆదివారం ఇంకొంచెం ముందే వద్దామా?" అన్నాడు. శెట్టి తల తిప్పుకుని గట్టిగా ముక్కు చీదాడు.

కాసేపటికి బసవరాజు రీలును వాసన చూశాడు. "చెల్లెమ్మా, దీనికి శీకాయ వాసనేంది?"

"పాతది గదన్నా, తలంటి తెచ్చినాము."

వానల తర్వాత ఆయన నవ్వడం అదే. నవ్వి, గొంతు బాగా తగ్గించాడు. "నీకొక్క మాట చెప్తా. నాకు కండ్లు సరిగా ఆనడంల్యా. చుక్కలు పోసుకుంటాండా, ఉండేది పోదన్నాడులే డాక్టరు. ఈ రీలు అరిచినందుకు సరిపాయ, లేకుంటే చేప పడింది నాకు తెలిసేదే కాదు. శెట్టికి మాత్రం చెప్పొద్దమ్మా, శానా బాధపడతాడు."

"చెప్పనన్నా" అంది ప్రమీలమ్మ.

నాలుగడుగుల అవతల శెట్టి ఒక గులకరాయిని చెవి దగ్గర పెట్టుకుని ఇంకో రాయితో టక్కుటక్కున కొడుతున్నాడు. వంకాయలో పురుగు నమిలితే విన్న చెవి. ప్రమీలమ్మ అటు చూసింది. ఆయన రాయిని ఇంకా గట్టిగా కొట్టాడు.

"ఏమంటాండాడే బసవప్ప?" అని కేకేశాడు. "నాకేమీ వినపళ్లా!"

పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషికి ఏదైనా వినపడకపోవడం అదే మొదటిసారి.