ఏనుగు బొమ్మ గుడ్డ

ఆ రోజుల్లో రెండు నెలల శిక్షణ పొందిన మనిషికి తెలియనిది లోకంలో ఉండదని నా గట్టి నమ్మకం. (అందులో ఒక నెల, ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో రాసే చార్టుకు గీతలు కొట్టడానికే పోయింది.) బుద్ధి ఎదగని పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రంలో, సిద్దిపేటలో నాకు కొలువు దొరికింది. అక్కడికి చిన్నకోడూరు నుంచి నలభై దాటిన ఒకాయన వచ్చేవాడు. మాట రాదు, మీసం మాత్రం దర్జాగా ఉండేది. రోజూ అన్నం వేళకు పళ్లెం విసిరేవాడు. పప్పు సగం గోడకు, సగం నా చొక్కాకు. నేను చార్టులో "కారణం లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాణ్ని.

"ఇంకొక్కసారి ఇసిరితే ఇంటికి పంపుడే" అన్నాడు ఇన్‌ఛార్జి సారు. పంపితే ఆయన తల్లి కూలి మానుకోవాలి, లేదా కొడుకును లోపల పెట్టి తాళం వేసి పోవాలి. కబురందగానే ఆమె పరుగున వచ్చింది. సారు నా చార్టు ఆమెకు చదివి వినిపించాడు. మేమెంత బాగా చూసుకుంటున్నామో చూపిద్దామని, ఎప్పటిలాగే ఆయన మెడకు ఏనుగు బొమ్మ ఉన్న పసిపిల్లల చొంగగుడ్డ కట్టి, "బుజ్జీ, ఆ అను!" అన్నాను. పళ్లెం ఎగిరింది.

ఆమె కొడుకు దగ్గరికి పోయింది. ఆ గుడ్డ విప్పి నా మెడకు కట్టింది. ముద్ద కలిపి, "సారూ, ఆ అను" అంది. వంటామె కిసుక్కుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఆ చేతిని ఒక్క తోపు తోశాను. ముద్ద పోయి సారు బల్ల మీద పడింది.

"గిప్పుడు నీ కాయితంల ఏం రాస్తవు సారూ? కారణం లేదనా? నా కొడుక్కు మాట లేదు గని సిగ్గు లేదా? ఇంట్ల తువ్వాల బుజం మీదేసుకొని ఆనంతట ఆనే తింటడు!"

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీసమున్న మనిషికి ఏనుగు బొమ్మ కట్టి, వద్దనడానికి ఆయనకున్న ఒక్క దారినీ కారణం లేనిదని రాసుకున్నామే! ఏం చదువులు మావి!

సారును ఒక్కరోజు గడువడిగి, మర్నాడు తువ్వాల చేతికిచ్చి, బుజ్జీ అనడం మాని, బాబాయిని పిలిచినట్టు "కాకా, ఏడ కూసుంటవు?" అని అడిగాను. కిటికీ పక్కన కూర్చుని తనే కలుపుకున్నాడు. కొంత కింద పడింది. "గలీజు" అని సారు గొణిగితే, "నేను తుడుస్తా సార్" అన్నాను. తిన్నాక కాక పళ్లెం పట్టుకుని లేచాడు. నేను అలవాటుకొద్దీ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి వేళ్ల సందులోంచి చూస్తే, ఖాళీ పళ్లెం నాకు అందిస్తూ, నేను చేతులు దించేదాకా ఓపిగ్గా నిలబడే ఉన్నాడు. అప్పటి నాలోని ఆ కుర్రసారును తలుచుకుంటే నవ్వొస్తుంది; కాక ఓపికను తలుచుకుంటే మాత్రం తల వంగిపోతుంది.