ఆవులప్ప అరవై గులకరాళ్ళు

యుద్ధం జరిగినన్నాళ్ళూ భాగీరథమ్మగారి కారు బసవనగుడి షెడ్డులో ఇటుకల మీదే ఉండిపోయింది. పెట్రోలు కూపన్ల కాలం. డ్రైవరు మునినారాయణప్ప మాత్రం రోజూ వచ్చి దాన్ని తుడిచి, రబ్బరు హారను ఒకసారి నొక్కి చూసుకుని పోయేవాడు. నలభై ఆరులో ఇటుకల మీంచి దించాక మొదలైంది తంటా. మూడు నాలుగు మైళ్ళు చక్కగా పోయి ఆగిపోయేది. పావుగంట ఊరుకుంటే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది. పెద్ద వర్క్‌షాపులో రెండుసార్లు కార్బురేటరు కడిగి పంపారు. మూడోసారి అల్సూరు చెరువు దగ్గర ఆగినప్పుడు భాగీరథమ్మ జట్కా పిలిపించుకుంది.

"సోమవారం హొసకోటెలో మా తమ్ముడింట్లో నిశ్చితార్థం. దోవలో నిలిచిందంటే పాత ఇనుము వానికి తూకానికి ఇచ్చేస్తా. నువ్వూ వేరే చోటు చూసుకో, మునినారాయణా" అని చెప్పి జట్కా ఎక్కింది.

పద్దెనిమిదేళ్ళ కొలువు. యాభై దాటిన మనిషికి కొత్త బండి ఎవరు అప్పజెబుతారు? గురువారం పొద్దున్నే అతడు కలాసిపాళ్యంలో ఆవులప్ప కొట్టు ముందు బండి ఆపాడు.

ఆవులప్పది కళాయి పోసే ఇల్లు. తండ్రితో గిన్నెలు తోమి తోమి, తర్వాత మోటారు పనిలోకి వచ్చాడు. కుర్రతనంలో ఎవరో లాంతరు దగ్గర పెట్టగా ఒక ట్యాంకు పేలి, ఎడమ చెవి పోయింది. మనిషి కుడి చెవితోనే బతుకుతున్నాడు.

బానెట్టు ఎత్తనైనా ఎత్తలేదు. "ఎంత సేపటికి నిలుస్తాది? ఎంత సేపటికి లేస్తాది?" అని రెండే అడిగాడు. విని, కారు వెనక్కి పోయి కూర్చున్నాడు.

"ఇంజను చూడవా ఆవులప్పా?"

"జబ్బు కడుపులో ఉండాదన్నా, నెత్తికి పట్టు వేస్తే ఏమొస్తాది? పోయేటప్పుడు తుప్పంతా లేచి పైపు నోట్లో అడ్డం పడతాది. నిలిస్తే దిగిపోతాది. అంతే."

ట్యాంకు దింపే ముందు ఆవులప్ప, మునినారాయణప్ప నోట్లోని బీడీ లాగి బయట పారేశాడు. లోపల పొయ్యి కూడా ఆర్పించాడు. పెట్రోలు గుడ్డలో వడగట్టి డబ్బాలో పోస్తే, అడుగున రాగి జావలా చిక్కటి ఎర్రమడ్డి దిగింది. చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగి, మూతి తెరిచి ఆ రోజంతా ఎండలో పెట్టాడు. మర్నాడు తుప్పు వదలడానికి చింతపండు పులుసు పోసి, నున్నటి గులకరాళ్ళు ఒక్కొక్కటే ఎంచుతూ వేశాడు. సరిగ్గా అరవై. లోపలికి పోయినవన్నీ బయటికి రావాలి, అది అతని కట్టడి.

భార్య నంజమ్మ దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టింది. అందులో ట్యాంకును పడుకోబెట్టి, కాలితో ఊపుతూ బియ్యం ఏరుకుంది. గలగల వీధంతా వినిపించింది.

"ఏం నంజమ్మా, బిడ్డకు ఏం పెట్టినావే, అట్ల అరస్తా ఉండాది?" అంది ఎదురింటి అక్కయమ్మ.

"రాళ్ళక్కా. నీ మొగుని కన్నా మేలు, ఊపితే నిద్రపోడు, పని చేస్తాడు!"

ఆదివారం రాళ్ళు దించారు. ఆవులప్ప ట్యాంకు బోర్లించి పట్టుకుంటే, మునినారాయణప్ప గోనె మీద ఎంచాడు. యాభై తొమ్మిది. మళ్ళీ ఎంచాడు. యాభై తొమ్మిదే.

"ఒక్కటే కదా, పోనీలేప్పా. రేపు పొద్దున్నే పోవాల."

"ఆ ఒక్కటే నీ కొలువు తీస్తాదన్నా. ఇయ్యను."

ఆవులప్ప ట్యాంకును అటూ ఇటూ ఊపి, ఇనుముకు కుడి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. చూరు నీడ గోనె దాకా వచ్చింది.

"లోపల ఏమీ లేదు. నా చెవి చెబుతా ఉండాది" అని ఆవులప్ప ఇవతలికి వచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఇంకోసారి ఎంచు. ఈసారి పైకి, నాకు వినబడేట్టు."

మునినారాయణప్ప మొదటి రాయి పక్కకు పెట్టి "లాభం" అన్నాడు. రెండోది తీసి "ఒకటి" అన్నాడు.

నంజమ్మ చేట పక్కన పెట్టేసి నవ్వింది. మునినారాయణప్ప తండ్రి బళ్ళాపురం సంతలో రాగులు కొలిచేవాడు. మొదటి శేరును ఒకటి అనకుండా లాభం అనేవాడు, రెండోదాన్ని రెండు అనేవాడు. కొడుక్కు ఆ మొదటి మాట మిగిలింది గాని, దిగులులో లెక్క జారింది.

ఆవులప్ప మాత్రం నవ్వలేదు. రాళ్ళన్నీ మళ్ళీ కలిపి, తానే ఒకటి నుంచి అరవై దాకా ఎంచాడు. అప్పుడు గాని పులుపు విరగడానికి ట్యాంకులో సోడానీళ్ళు పోయలేదు. తర్వాత నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండ ఉండగానే ఆరబెట్టి, మళ్ళీ తుప్పు పట్టకుండా లోపలంతా కిరసనాయిలు తిప్పి వంపేసి, బండికి బిగించాడు. అంత పనిమంతుడు తప్పు బయటపడ్డాక కూడా ఒక్క మాటా దెప్పలేదు. అది మునినారాయణప్ప చనిపోయేదాకా మరిచిపోలేదు.

సోమవారం అల్సూరు చెరువు వచ్చింది. చెరువు వెనక్కి పోయింది. కృష్ణరాజపురం పోయింది. హొసకోటె సంత కనిపించేదాకా బండి ఎక్కడా నిలవలేదు.

తమ్ముడింటి ముందు భాగీరథమ్మ దిగి, కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"షెడ్డులో ఆ ఇటుకలు ఉండాయే మునినారాయణా, రేపు తీసి తులసికట్టకు వేయించు."