ముందు నా కంటికి

నా చిన్నప్పుడు నాకు దయ్యాలంటే పెద్ద భయం ఉండేది కాదు. మా బాబాయి మంచమంటే ఉండేది. పత్తి బండి మీద లోడుకు తాడు బిగిస్తూ ఆయన పైనుంచి వెల్లకిలా పడ్డాడు. దెబ్బ మెడకు తగిలి, మెడ కింద నుంచి ఒళ్లంతా చచ్చుబడిపోయింది. తల తిప్పగలడు, మాట్లాడగలడు, నోట్లో పెడితే తినగలడు. అప్పటికి ఆయనకు పెళ్లి కూడా కాలేదు. ఆయనకు అన్నీ నాయనమ్మే చేసేది. ఒళ్లు తుడిచేది, అన్నం తినిపించేది, వీపున పుండ్లు పడకుండా గంట గంటకూ పక్కకు తిప్పేది.

నాకు పదేళ్లు. ఆ గది గుమ్మం దాటాలంటే కాళ్లు వచ్చేవి కావు. దుప్పటి కింద కదలకుండా పడి ఉన్న ఆ కాళ్లు ఉన్నట్టుండి కదులుతాయేమోనని నాకు బెదురు. నాయనమ్మ మజ్జిగ గ్లాసు ఇచ్చి పంపితే, మంచం పక్క స్టూలు మీద పెట్టి ఒక్క ఉరుకున బయటికి వచ్చేసేదాన్ని. చేతులు ఆడని మనిషి ఆ గ్లాసు ఎలా అందుకుంటాడన్న బుద్ధి నాకు లేదు. పిల్లలకు జాలి ఎక్కువంటారు. నా మటుకు నాకు జాలి సంగతి తర్వాత, ముందు భయమే.

కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఎండిన కాయ తడిస్తే బూజు పట్టి ఏడాది కష్టం నేలపాలే. అమ్మా నాన్నా పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. చేతులు చాలవని నాయనమ్మ కూడా బయల్దేరింది. నేను వసారాలో కూర్చుని, ఇంటి కారం కోసం ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను.

"బాబాయిని కనిపెట్టుకుని ఉండవే, ఇప్పుడే వస్తా" అని చెప్పి నాయనమ్మ వెళ్లిపోయింది.

గాలి మొదలైంది, తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. అప్పుడే బాబాయి పిలిచాడు. కంటి మూల ఈగ వాలిందట, ఎంత తల విదిలించినా పోవడం లేదట.

"దాన్ని తోలి, అక్కడ కాస్త రుద్దవే బుజ్జీ. దురద చంపేస్తోంది."

ఊపిరి బిగపట్టుకుని లోపలికి వెళ్లాను. త్వరగా పని కానిచ్చి బయటపడాలన్న తొందర తప్ప నాకింకేమీ తోచలేదు. చెయ్యి పావడాకు తుడుచుకున్నాను, అప్పట్లో నా శుభ్రం అంతే. ఈగను తోలి, వేలితో ఆయన కన్ను రుద్దాను.

మిరప చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో మా వైపు పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. మనమైతే గెంతుతాం, నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తుతాం. ఆయన అరవడం ఒక్కటే చేయగలిగాడు. తల దిండు మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది, మెడ కింద మాత్రం వేలు కూడా కదలడం లేదు. ఆయన ఒంట్లో చలీ వేడీ తెలిసేది ఆ మొహానికే. ఆ మొహానికి నేను నిప్పు పెట్టాను.

నేను పారిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ జరిగింది అదే. పశువుల పాకలో గడ్డి మోపుల వెనక నక్కి చెవులు మూసుకున్నాను. కాసేపటికి చేతులు తీస్తే అరుపు లేదు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. బాబాయి కన్ను పోయిందో, ప్రాణమే పోయిందో, ఏదైనా నావల్లేననుకుని ఇంకా లోపలికి ముడుచుకున్నాను. అప్పుడు లోపలి నుంచి పిలుపు వినబడింది. తిడతాడనుకున్నాను.

"బుజ్జీ. దూరం పోయుండవులే, నాకు తెలుసు. నేను లేచి రాలేనమ్మా. నువ్వే రావాలి."

అంత మాట విన్నాక ఇంక దాక్కోలేకపోయాను. వెళ్లి చూస్తే కన్ను ఎర్రగా ఉబ్బిపోయి, నీరు కారి చెవిలోకి పోతోంది. పక్కనున్న నీళ్ల చెంబు ఎత్తబోయాను.

"ఆగు. రెప్ప విప్పి పట్టుకుని నీళ్లు పోయాలి. ముందు నీ చేతులు కడుక్కో. నూనె రాసుకుని, సబ్బు పెట్టి రుద్దు" అన్నాడు పళ్ల బిగువున.

కడుక్కుని వచ్చాను.

"ఇప్పుడు ఆ వేలు నీ కంటికి పెట్టుకుని చూడు."

పెట్టుకున్నాను. చుర్రుమంది. "మండుతోంది బాబాయ్."

"అయితే మళ్లీ కడుక్కునిరా."

రెండోసారీ మండింది. ఏడుస్తూ నిలబడ్డాను. ఆయన బాధ నా కళ్లెదుట కనబడుతూనే ఉంది, అయినా నన్ను మళ్లీ తొట్టి దగ్గరికి పంపాడు. మూడోసారికి మండలేదు. అప్పుడు గానీ మొహం ముట్టుకోనివ్వలేదు. చెంబు తర్వాత చెంబు పోస్తూనే ఉన్నాను. దిండు, పరుపు అన్నీ తడిసిపోయాయి.

వాన వెలిశాక అందరూ తిరిగొచ్చారు. సంగతి విని నాయనమ్మ నా మీద చెయ్యెత్తింది.

"దాన్ని కొట్టమాకమ్మా" అన్నాడు బాబాయి. "రేపట్నుంచి నా మొహం అదే కడుగుద్ది."

దానికంటే దెబ్బలే నయమనిపించింది నాకు.

మర్నాడు పొద్దున ఎవరూ చెప్పకముందే వేలు నా కంటికి పెట్టుకుని చూసుకున్నాను. మండలేదు. తడిగుడ్డ పట్టుకుని మంచం మీదికి వంగాను. నా చెయ్యి దగ్గరికి రాగానే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, తల దిండులోకి వెనక్కి నొక్కుకున్నాడు. మంచంలో ఉన్న మనిషిని చూసి మనం భయపడాలి గానీ, ఆ మనిషికేం భయం ఉంటుందని అన్నాళ్లూ అనుకున్నాను.

"భయంగా ఉందా బాబాయ్?"

"ఉందే. నీకో?"

"నాకూ ఉంది."

"ఉండనీ. ఇద్దరికీ ఉంటే చెయ్యి జాగ్రత్తగా పడుద్ది. ముట్టుకునే ముందు చెప్పు, అంతే."

చెప్పాను. తుడిచాను. ఆయన పోయేదాకా ఆ పని నాదే అయింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. చిలకలూరిపేటలో పక్షవాతం వచ్చిన ఒక టీచరమ్మగారి ఇంట్లో ఉండి, ఆమెకు పొద్దుటి నుంచి రాత్రిదాకా కావలసినవన్నీ చూసుకుంటాను. చేతులకు గ్లవ్స్ ఇస్తారు, పైకీ కిందికీ లేచే మంచం ఉంది, కంట్లో కారం పడే ప్రమాదం ఏమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, అలవాటైతే భయం పోతుందిగా ఆంటీ అని. నాకైతే పోలేదని చెబుతాను, వాళ్లు నవ్వుతారు. నిజానికి ఒక్కో రోజు పోతుంది. చేతులు వాటంతట అవి పని చేసుకుపోతుంటాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది. అది తెలియగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాను. "అమ్మగారూ, మొహం తుడుస్తున్నానండీ" అని చెప్పి ఆగుతాను. ఆమె కళ్లు మూసుకుంటుంది. ఆ మూసుకున్న రెప్పలు చూశాక నా భయం మళ్లీ నా దగ్గరికి వస్తుంది. అప్పుడు ముట్టుకుంటాను.