పికయూన్ నొప్పి

నా భర్త కంబదూరు దగ్గర ఇంగ్లీషు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఇష్టమైన మాట ఒకటుండేది: పికయూన్. అల్పమైనది, పట్టించుకోనక్కర్లేనిది అని అర్థం. ఒకప్పుడు అది దక్షిణ ఫ్రాన్సులో చిన్న రాగి నాణెం పేరట. సముద్రం దాటి అమెరికా దక్షిణాన చిల్లర వెండి నాణేనికి పేరైందట. నాణేలు పోయాయి, పేరు మాత్రం చిల్లర సంగతులకు మిగిలింది. మన దమ్మిడీ లాగే అనేవారు.

ఆ మాట ఎక్కువగా నా మీదే వాడేవారు. మా పెళ్ళి జరిగింది గురువారం, శుక్రవారం కాదని చుట్టాల ముందు సరిచేస్తే, "మళ్ళా పికయూన్ మొదలుపెట్టింది" అని నవ్వేవారు.

పోయిన ఏడు వాన ఆలస్యంగా పడింది. తెల్లారి చేలో మన్ను తవ్వి తడి కొలిచాను. విత్తనానికి జానెడు లోతు తడి ఉండాలి.

"జానకు రెండు వేళ్ళు తక్కువ."

"పికయూన్ తేడా. ఈ పొద్దే శెనక్కాయ ఏసేద్దాం."

మా ఎర్రనేలలో విత్తే ఆ తడి పదును రెండు రోజులకు మించి నిలవదు. వెంటనే ఎద్దులకు విత్తే గొర్రు కట్టించారు. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ముఖమంతా చెమట.

"ఏమైంది?"

"రొమ్ములో రోంత నొప్పిగా ఉండాది."

"ఆటో పిలుస్తా. అనంతపురం పోదాం పదండి."

"పికయూన్ నొప్పికి అనంతపురం యాలమే? ఇత్తనం పడనీ. రేపు పోదాం."

గొర్రు తోలే మనిషి ఎద్దులను ఆపాడు. "సారూ, అమ్మ చెప్పేది ఇను. చేను యాడికీ పోదు."

"చేను పోదప్పా, పదును పోతాది. నువ్వూ ఆ యమ్మ పార్టీలో చేరినావా? తోలు, తోలు."

అతను తోలాడు. మా వైపు జ్వరమైనా, పంచాయితీ అయినా విత్తనం పడేదాకా ఆగాల్సిందే. నేను మాత్రం ఆటోకు ఫోన్ చేశాను. అది వచ్చేసరికి ఆయన గట్టుకు ఒరిగిపోయి ఉన్నారు. కళ్యాణదుర్గం కూడా చేరలేదు. దారిలో, నా ఒళ్ళోనే పోయారు.

చేలో నాలుగు సాళ్ళు మిగిలిపోయాయి. మర్నాడు గొర్రు తోలే మనిషి వాకిట్లో నిలబడి, "నాలుగే కదమ్మా, తడి ఇంకా ఉండాది, ఏసేసి వస్తా" అన్నాడు. వద్దన్నాను. చేనంతా పచ్చబడ్డాక పోయి చూశాను. గట్టు పక్కన ఆ నాలుగు సాళ్ళే ఎర్రగా ఉన్నాయి.

ఈ ఏడు కూడా వాటిలో విత్తనం వేయనివ్వలేదు. చాలా చిన్న జాగా. ఆయన ఉంటే దాన్ని ఏమనేవారో నాకు తెలుసు.