ఐదుగురు గుర్రపు రౌతుల వెల

2005 ఏప్రిల్ చివర్లో గుంటూరులోని ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ డివిజనల్ ఆఫీసు నాకు రేపల్లె క్లెయిము ఒకటి అప్పగించింది. నేను కంపెనీ ఉద్యోగిని కాను. లైసెన్సు ఉన్న సర్వేయర్ని. తెనాలిలో ఒక గది అద్దెకు తీసుకుని పనిచేసేవాణ్ణి. అగ్నిప్రమాదమో ముంపో జరిగి పాలసీదారు పరిహారం అడిగినప్పుడు కంపెనీ మాలాంటి వాళ్ళను పంపుతుంది. ఏం పోయింది, ఎలా పోయింది, దాని విలువెంత అన్న మూడింటికీ జవాబు రాసి నెలరోజుల్లో నివేదిక ఇవ్వాలి. డబ్బు చెల్లించాలా వద్దా అన్నది మా చేతిలో ఉండదు. అది డివిజనల్ మేనేజరు నిర్ణయం.

అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆ వారంలోనే అంగలకుదురులో కాలిపోయిన ధాన్యం గోదాము ఒకటి చూసి వచ్చాను. మసి వాసన చొక్కాల్లోంచి పోయేది కాదు. రేపల్లె కాగితాల్లో ‘ఆట బొమ్మలు, 214’ అని ఉంటే ఒక్క పూటలో తేలిపోతుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

పాలసీదారు పద్మనాభరావు గారు. సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా పాతికేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి, వయసు అరవై ఆరు. రెండు కళ్ళకూ చూపు బాగా తగ్గింది. ఆయనవి పిల్లలాడుకునే బొమ్మలు కావు. బల్ల మీద పటం పరిచి, పాచికలు వేసి, సైన్యాలను నడిపే యుద్ధపు ఆట ఒకటుంది. ఆ ఆటకోసం తగరం, సీసం కలిపి పోతపోసిన సైనికులు. ఒక్కొక్కటి బొటనవేలి కణుపంత. కోటు బొత్తాలు కూడా కనపడేట్టు రంగులు వేసి ఉంటాయి. ఓడ ఏ రేవులో ఆగితే అక్కడ ఒకటో రెండో కొనేవారట.

అద్దాల బీరువా పైభాగంలో ట్యూబులైటు చోకు వేడెక్కి అంటుకుంది. పై అర కరిగి ముద్దయింది. రెండో అర సగం పాడయింది. కింది మూడు అరలకూ పొగ తప్ప ఏమీ తగల్లేదు. చోకు నేను స్వయంగా విప్పి చూశాను. ప్రమాదం నిజమే, అందులో అనుమానం లేదు.

అసలు చిక్కు వెల దగ్గర వచ్చింది. ఇలాంటి వస్తువులు పాలసీలో విడివిడిగా రాయిస్తేనే లెక్కలోకి వస్తాయి. ఆయన ప్రతి ఏడూ రెన్యువలు అప్పుడు 214 బొమ్మలకూ 214 వెలలు రాయించారు. అందులో ఐదుగురు గుర్రపు రౌతులకు ఒక్కొక్కరికి ఎనిమిది వేలు. పై అరలో ఉన్నవి వెయ్యీ రెండు వేలు, కింది అరల్లోవి చాలావరకు వందా రెండొందలు. ఆ తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు.

తెనాలిలో గాంధీచౌక్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో నాలుగు రోజులు కూర్చున్నాను. గంటకు ఇరవై రూపాయలు. నేర్చుకున్నది ఇంత. పెట్టెలోని సైన్యం మొత్తం కొంటే ఒక రేటు, అందులోంచి ఒక్కణ్ణి విడిగా కొనాలంటే మూడింతలు. అచ్చు పగిలిపోయి తయారీ ఆగిపోయిన బొమ్మకు వెల పెరుగుతుంది. పీఠం అడుగున తయారీదారు గుర్తు ఉండాలి. రంగు మంచి చేయి వేస్తే విలువ పెరుగుతుంది, సామాన్యపు చేయి వేస్తే ఉన్నదీ తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాడు చెప్పే వెల వేరు, అమ్ముడుపోయిన వెల వేరు. మా వృత్తిలో రెండోదే లెక్క. ఆ రౌతులు బయటి దేశాల్లో నిజంగానే ఎనిమిది వేల దాకా అమ్ముడుపోయిన దాఖలాలు దొరికాయి.

రెండోసారి రేపల్లె వెళ్ళి పాడైనవాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. రెండో అరలో తగరపు సైనికులు మోకాళ్ళ దగ్గర మెత్తబడి వంగిపోయారు. వాళ్ళ పక్కనే ఉన్న ఐదుగురు రౌతులు మాత్రం వంగలేదు. బుడగలెక్కి పగిలారు. లోహం బుడగలెక్కదు. ఒక గుర్రం మెడ దగ్గర మసి గీకాను. కింద గులాబీ రంగు కనిపించింది.

ఆ రంగు నాకు బాగా తెలుసు. నా కింది కట్టుడు పలువరస చిగుళ్ళది అదే రంగు.

పద్మనాభరావు గారి భార్య సరోజిని గారు గుమ్మంలో నిలబడి నా చేతి వంకే చూస్తున్నారు. మసి గీకడం ఆపి, ఆ ఐదింటినీ కాగితంలో చుట్టి, రసీదు రాసిచ్చాను.

తెనాలిలో కట్టుడు పళ్ళు చేసే మస్తాన్ గారు నా పలువరస చేసిన మనిషే. పొట్లం విప్పి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చేతిలో ఉన్న సానరాయి పక్కన పెట్టి ఒక గుర్రాన్ని చేతిలోకి తీసుకున్నారు.

“నేనే చేశా సార్. ఆ అమ్మగారు పట్టుకొచ్చారు. ఏడాదికొకటి. అచ్చు తీసుకుని, కట్టుడు పళ్ళకు వాడే గులాబీ పొడితో పోసి, రంగులేశా. తేలిగ్గా ఉంటే పెద్దాయన కనిపెడతారని అడుగున చేపల వలకు కట్టే సీసపు గుండు కూడా పెట్టా,” అన్నారు. దాన్ని మళ్ళీ పొట్లంలో పెడుతూ, “మోసం చేద్దామని కాదండీ. ఇల్లు గడవట్లేదన్నారు,” అన్నారు.

అసలు బొమ్మలు బాపట్లలో శేషగిరి గారనే ఫిజిక్సు లెక్చరరు కొన్నారని ఆయనే చెప్పారు. సర్వేయరుకి అమ్ముడుపోయిన వెల కావాలి కనుక బాపట్ల వెళ్ళాను. ఎండ మండిపోతోంది. స్టేషన్ నుంచి ఆయన ఇంటికి నడిచేసరికి కళ్ళు తిరిగాయి. శేషగిరి గారు మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చి, అల్మారా తెరిచి చూపించారు. ఐదుగురు రౌతులూ వరసగా ఉన్నారు.

“నాకు పెట్టెలకు పెట్టెలు అక్కర్లేదండి. నా దళంలో ఏది తక్కువైతే అది ఒక్కటే కొంటాను. ఆవిడ మొదట ఆరు వేలు చెప్పారు, నాలుగున్నరకి ఇచ్చారు. చివరిదానికి మాత్రం ఐదుకి తగ్గలేదు. బేరంలో గట్టిమనిషండి,” అన్నారు. దొంగ సొత్తేమోనని అనుమానం రాలేదా అని అడిగాను. “ఇంటావిడే తెచ్చి అమ్ముతుంటే దొంగ సొత్తేంటండి?” అన్నారు.

తిరుగు ప్రయాణంలో నివేదిక ఎలా రాయాలో మనసులో అనుకున్నాను. ఐదు బొమ్మలూ నకళ్ళు, విలువ ఒక్కొక్కటి వంద. మిగతావాటికి మామూలు లెక్క. పాలసీదారుకు నకళ్ళ సంగతి తెలియదు కనుక ఆయన తప్పేమీ లేదు. క్లెయిములో ఎక్కువ భాగం ఆయనకు వస్తుంది. ఎవరు అమ్మారు, ఎందుకు అమ్మారు అన్నది రాయాల్సిన పనిలేదు.

మూడోసారి రేపల్లె వెళ్ళినప్పుడు సరోజిని గారు పెరట్లో ఉన్నారు. పద్మనాభరావు గారితో మెల్లగా చెప్పాను, ఆ ఐదూ లోహం కావని, నకళ్ళ వెలే వేస్తున్నానని.

“అలాగే రాయండి,” అన్నారాయన.

అక్కడితో సంచీ సర్దుకుని లేవాల్సింది. నాలుగు రోజులు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాణ్ణి, ఎండలో బాపట్ల తిరిగినవాణ్ణి, అలసిపోయి ఉన్నాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేకపోవడం నాకు ఎక్కడో తగిలింది.

“మీకు ఆశ్చర్యంగా లేదా సార్?” అని అడిగాను.

ఆయన అరచేతిని పైకి తిప్పి గాలిలో ఏదో తూస్తున్నట్టు పట్టుకున్నారు. “కళ్ళు పోయాయి గానీ చెయ్యి పోలేదండి. అసలుదాని బరువు గుర్రం మెడలో ఉంటుంది. దీని బరువంతా అడుగునే ఉంది. పట్టుకోగానే తెలిసింది.”

“మరి ఎనిమిది వేలని ఎందుకు రాయించారు?”

“తగ్గించి రాయిస్తే ఆవిడకు తెలిసిపోదూ, నాకు తెలుసని? ఓడ ఉద్యోగానికి పెన్షన్ లేదు. ఉన్న డబ్బంతా నేను వీటికి పోశాను. నాకు తెలిసిందంటే ఆవిడ అమ్మటం మానేస్తుంది. మానేస్తే ఎలా గడుస్తుందండి?”

వెనక అలికిడైంది. సరోజిని గారు తడి చేతులతో గుమ్మంలో ఉన్నారు.

“ఎప్పట్నుంచి తెలుసండీ?” అన్నారు.

“మొదటి గుర్రం నుంచే.”

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. “ఐదేళ్ళు... ప్రతిసారీ మీరు బీరువా తీస్తుంటే నా గుండెలు అదిరిపోయేవి,” అన్నారు.

నా ఒళ్ళో కాగితాలున్నాయి. పాలసీ షరతుల్లో ఒకటుంది. క్లెయిములో ఏ ఒక్క అంశం గురించైనా తెలిసి అబద్ధం చెబితే మొత్తం క్లెయిము చెల్లదు. తెలియక రాయించారా, తెలిసి రాయించారా అన్నదే అంతా. ఒక్క నిమిషం క్రితం దాకా నాకది తెలియదు.

“ఇదీ రాస్తారా?” అన్నారు పద్మనాభరావు గారు.

రాయాలన్నాను.

“అన్నయ్యగారూ, ఇక్కడ మనం ముగ్గురమే ఉన్నాం కదండీ,” అన్నారు సరోజిని గారు. బతిమాలుతున్న గొంతు కాదది. ఉన్నమాట నాకు గుర్తుచేస్తున్నట్టు అన్నారు.

ఇరవై రెండేళ్ళలో నా నివేదికలో తెలిసి ఒక మాట తగ్గించలేదు. తగ్గించిన సర్వేయర్లను చూశాను. మొదట దయతోనే తగ్గిస్తారు. అదంతా ఆవిడకు చెప్పే ఓపిక లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాను. భూతద్దం తెప్పించుకుని, గీత ఎక్కడుందో వెతుక్కుని సంతకం చేశారు. ఆవిడ కాఫీ ఇచ్చారు. తాగాను. వద్దంటే ఇంకా బాగుండదనిపించింది.

కంపెనీ క్లెయిము పూర్తిగా తిరస్కరించింది. ఆయన అప్పీలుకు వెళ్ళలేదు. జూన్ ఆఖరులో, క్లెయిముకోసం ఆయన దగ్గర తీసుకున్న బొమ్మల ఒరిజినల్ బిల్లులు తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. పోస్టులో పంపవచ్చు, కానీ పంపబుద్ధి కాలేదు. వెళ్ళేసరికి హాలులో శేషగిరి గారున్నారు. బల్ల మీద కింది మూడు అరల బొమ్మలూ పరిచి ఉన్నాయి. పద్మనాభరావు గారు ఒక్కొక్కటి వేళ్ళతో తడిమి అది ఏ దళం, ఏ రేవులో కొన్నది, ఎవరు రంగు వేశారు చెబుతున్నారు. సరోజిని గారు వెల చెబుతున్నారు.

“జెండా మోసేవాడు ఒక్కడే ఉన్నాడండి. మూడొందలకి రాదు,” అన్నారావిడ.

“ఐదొందలు అడుగు. వాడికి అచ్చు లేదిప్పుడు,” అన్నారు పద్మనాభరావు గారు పక్కనుంచి.

నాలుగు వందల యాభైకి తెగింది. సాయంత్రం దాకా అలా ఒక్కొక్కటే అమ్మారు. నన్ను చూసి ఇద్దరూ కూర్చోమన్నారు. బిల్లుల్లో తయారీదారు పేర్లు ఉండటంతో శేషగిరి గారు కొన్నిటికి వెల పెంచారు కూడా. అన్నీ కలిపినా కంపెనీ ఇవ్వవలసి వచ్చేదాంట్లో సగం కూడా రాలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు పనిచేసి లైసెన్సు వదిలేశాను. నేను రాసింది తప్పని ఇప్పటికీ అనుకోను. అడిగింది తప్పు. ఆ ప్రశ్న వెల కట్టడానికి అవసరం లేదు, కారణం తేల్చడానికీ అవసరం లేదు. అలసటలో, నా కుతూహలం కోసం అడిగాను. అడిగాక వచ్చిన జవాబును దాచే హక్కు నాకు లేకపోయింది.

ఆ పదకొండేళ్ళూ వస్తువేమిటి, ఎలా పోయింది, ఎంతకు అమ్ముడుపోతుంది అన్నవే అడిగాను. పాలసీదారు మొహంలో ఆశ్చర్యం కనపడకపోయినా ఎందుకని మళ్ళీ ఎవరినీ అడగలేదు. దానివల్ల అబద్ధపు క్లెయిములు కొన్ని నా చేతి మీదుగా వెళ్ళిపోయి ఉంటాయి. అలా జరుగుతుందని తెలిసే పోనిచ్చాను.