తాడు రెండో కొన

మా ఆయన బాంగ్ మాన్‌షిక్‌తో వేగడం ఎవరివల్లా కాదు. ముప్పై నాలుగేళ్లుగా వేగుతున్నానంటే అది నా గొప్పే. ఆయన పెంకులు కప్పే మేస్త్రి. పదమూడో ఏట బంకమట్టి మోయడంతో మొదలుపెట్టాడు. మా కొరియాలో, ఈ ఆన్‌డోంగ్ ఊరి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు కప్పాడో ఆయనకే తెలియదు. మా ఇల్లు మాత్రం ఇప్పటికీ కారుతుంది. అడిగితే, "వాన మనకి చుట్టం, రానీ" అంటాడు.

ఆయన పిచ్చంతా కొప్పు మీదే. రెండు వాలులూ కలిసే ఆ కొప్పును తిన్నగా కడితే, కిందనుంచి చూసేవాళ్లకు చివరలు వాలిపోయినట్టు కనిపిస్తాయట. అందుకని తాడు ఒక కొన గూటానికి కట్టి, నన్ను కప్పు మీదికెక్కించి రెండో కొన నా చేతికిస్తాడు. తాడు తన బరువుకు తాను ఎంత వంగితే, ఆ వంపు వెంటే మట్టి పెట్టి పెంకులు పేరుస్తారు. ఎంత వంగాలన్నది ఆయన ముంగిట్లో నిలబడి చూసి చెబుతాడు. కొన పట్టుకున్న మనిషికి వంపు కనబడదు. ఒక్కసారైనా కిందికి పిలిచి నాకు చూపించిన పాపాన పోలేదు.

ఆ రోజు నామ్ వంశం వాళ్ల పితృమందిరం పని. ఆకాశం మూసుకొచ్చింది. కొప్పు ముగియకుండా వాన పడితే లోపలి మట్టంతా కొట్టుకుపోతుంది. సాయంత్రానికి కాకపోతే వేరే మేస్త్రిని పిలుస్తానని నామ్ పెద్దాయన పొద్దున్నే చెప్పేశాడు.

"వంపులెందుకయ్యా? తిన్నగా కట్టేసి దిగు" అన్నాడు పెద్దాయన.

"తిన్నగా కట్టడానికి నేనెందుకు పెద్దయ్యా? ఎవడైనా కడతాడు" అని మా ఆయన ఎదురు చెప్పి, నా మీద పడ్డాడు. "మ్యోంగ్‌హీ వాళ్లమ్మా! వేలెడు వదులు!"

"వదిలా!"

"ఎక్కువైంది, బిగించు!"

"బిగించా!"

"అబ్బ, మళ్లీ వదులు!"

మధ్యాహ్నం దాకా ఇదే గోల. నాకు ప్రాణం విసిగిపోయింది. చేతులు పడిపోతుంటే తాడును పెంకుల మీద పడేసి చెమట తుడుచుకున్నాను.

"ఆఁ! ఇప్పుడు కుదిరింది! ఇంకాస్త బిగిస్తే చాలు!" అని కిందనుంచి అరిచాడు.

తాడేమో నా కాళ్ల దగ్గర పడి ఉంది. ఈమధ్య ఆయన భోజనం దగ్గర చేపముక్క వదిలేసి తినే పుల్లలతో బల్లను పొడవడం, బియ్యం కల్లు గిన్నె బయట పోసి గిన్నెను తిట్టడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నిచ్చెన దిగి ఆయన చెవి దగ్గరికెళ్లాను.

"తాడు కింద పడేశాను. నువ్వేమో కుదిరిందన్నావు. ఎన్నాళ్లనుంచి?"

ఆయన గొంతు తగ్గించాడు. "చలికాలం నుంచి. తెలిస్తే ఇంకెవరు పిలుస్తారే మనని?"

లాగి ఒకటి కొట్టాలనిపించింది. "ఎక్కు. కొన నువ్వు పట్టుకో" అన్నాను.

నిచ్చెన ఆయన కాళ్లకు కొట్టిన పిండే. పైకెక్కి తాడందుకున్నాడు. పెద్దాయన కర్ర ఊపుతూ వచ్చాడు.

"ఇదేం వింతయ్యా! మేస్త్రివి నువ్వా, మీ ఆవిడా?"

కప్పు మీద మట్టిముద్దలు పట్టుకున్న కూలీలందరూ ఆయనవైపు తిరిగారు. ఏదో ఒక అబద్ధం ఆడతాడనుకున్నాను.

"నా కళ్లు పోయాయి పెద్దయ్యా" అన్నాడు పైనుంచి, అందరికీ వినపడేలా. "ఆమె ఎక్కడ చాలంటే అక్కడే మట్టి పెట్టండి."

అప్పుడు చూశాను వంపును, మొదటిసారి. నడుమ మరీ కుంగి, వెనక కొండ ముందు నీరసంగా పడుకున్నట్టుంది.

"బిగించు! గోరంత!"

మారు మాట్లాడకుండా బిగించాడు. తాడు లేచింది. కొండ వంపూ తాడు వంపూ కలిశాయి. చాలని చెప్పాలి. చెబితే మట్టి పడుతుంది, ఇక మార్చడానికుండదు.

"చాలు."

కూలీలు వంగారు. ఆయన మాత్రం ముఖం నావైపే పెట్టి నిలబడ్డాడు.

"బాగుందా?"

"బాగుంది."

"ఎలా బాగుందో చెప్పవే."

నాకు ఒళ్లు మండింది. అంతమందిలో ఏడుస్తూ, ఆ వంపును ఆ చివరనుంచి ఈ చివరదాకా జానెడు జానెడు చొప్పున అరిచి చెప్పాను.