ఆషాఢానికీ ఆడికీ మధ్య

గేటు మీద బ్యాంకువాళ్ళు నోటీసు అంటించి వెళ్ళిన సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తున్నాను. నెల్లితోపులో నేను అద్దెకున్న ఇల్లది. పైన నేను, కింద ఇంటివాళ్ళు. వీధిలో సగం మంది నోటీసు ముందు ఆగారు, మిగతా సగం ఆగనట్టు నటిస్తూ చెప్పులు సర్దుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు బ్యాంకు మీద, తర్వాత వీధి మీద, ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, నేనిచ్చిన అడ్వాన్సు గుర్తొచ్చి ఇంటివాళ్ళ మీద.

నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చినదాన్ని. కింద ఉండే అక్క, నేను అన్న అని పిలిచే ఆవిడ భర్త, తరతరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం తమిళమే. అన్నకు ముత్తియాల్‌పేటలో కుట్టుపని షెడ్డు ఉండేది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టించేవాడు. ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టి కొత్త మిషన్లు కొన్నాడు. అంతలో బళ్ళు మూతపడే కాలం వచ్చింది. మళ్ళీ తెరుచుకునేసరికి ఆర్డర్లన్నీ ఎవరో పెద్ద కాంట్రాక్టరు చేతిలోకి పోయాయి. వాయిదాలు ఆగిపోయాయి.

కోర్టులో ఉచితంగా సలహా ఇచ్చే గది ఒకటుందని తెలిసి ఇద్దర్నీ నేనే లాక్కెళ్ళాను. లాక్కెళ్ళాను అనడమే సరైన మాట. బస్సు దిగాక కూడా అన్న, "రేపు వద్దామా పాపా?" అన్నాడు. అక్కడి లాయరమ్మ కాగితాలన్నీ చూసి, "అప్పు మాఫీ చేయిస్తామని ఎవరైనా వస్తే గేటు లోపలికి రానివ్వకండి" అని ముందు హెచ్చరించింది. తర్వాత బ్యాంకుకు విన్నపం రాయించింది. నాలుగు సార్లు తిరిగాక బ్యాంకు దిగొచ్చింది. ఒప్పుకున్న మొత్తం ఒకేసారి కడితే మిగతా వడ్డీ వదిలేసి ఇంటి పత్రాలు ఇచ్చేస్తారు. ఆగస్టు మొదట్లో వచ్చే మంగళవారం ఆఖరి గడువు. దాటితే ఇల్లు వేలానికి పోతుంది.

డబ్బుకు దారి కూడా ఉంది. షెడ్డు తాకట్టులో లేదు. పక్కన బీరువాలు తయారుచేసే ఆయన దాన్ని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. అన్న కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి షెడ్డు పోయినా ఇల్లు నిలబడాలన్నాడు. హమ్మయ్య, ఇక రిజిస్ట్రేషనే కదా అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

మర్నాడు అక్క పైకొచ్చింది. నా గోడకు యానాం నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరు ఉంటుంది.

"పాపా, ఆషాడం ఎప్పుడు పోతాదో దాంట్లో చూడు" అంది.

"ఎందుకక్కా?"

"ఆషాడంలో ఆస్తి చెయ్యి మారకూడదు. అమావాస్య పోనీ, మరుసటి దినమే రాసిచ్చేద్దాం."

"బ్యాంకుకి ఆషాఢాలూ శ్రావణాలూ ఉండవక్కా!"

"బ్యాంకుకు లేకుంటే ఏమి, మాకుండాది గదా. అప్పు తెచ్చేటప్పుడు ఈయన మంచి దినం చూడలా. చూసుంటే ఇట్లయ్యేదా?"

అమావాస్య దాకా నాకు కాలు నిలవలేదు. ఆఫీసులో ఫైలు తెరిస్తే బుర్రలోకి ఎక్కదు. సాయంత్రాలు బీచ్ రోడ్డుకు పోయి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేదాన్ని. ఇల్లు నాది కాదు, అప్పు నాది కాదు. అయినా కింద గేటు చప్పుడైతే చాలు, మెట్ల దాకా పరుగెత్తేదాన్ని.

అమావాస్య వెళ్ళింది. అన్న పొద్దున్నే బీరువాల ఆయన దగ్గరికి వెళ్ళి, గంట తిరక్కుండానే వచ్చేశాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

"ఆడి నెల పుట్టేసిందంట. వాళ్ళమ్మ ఒప్పుకోదంట. ఆవణి రానీ, అప్పుడు చూస్తామంటాడు."

మన ఆషాఢం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, తమిళుల ఆడి సూర్యుణ్ణి బట్టి వస్తుంది. ఒకటి పోకముందే రెండోది మొదలవుతుంది. మొదటిదాంట్లో వీళ్ళు అమ్మరు, రెండోదాంట్లో వాళ్ళు కొనరు. ఆడి తర్వాతి నెల ఆవణి, అది వచ్చేసరికి బ్యాంకు గడువు దాటిపోతుంది. వీధి చివర అమ్మవారి గుడిలో మైకులు కట్టి ఆడి అంబలి పోస్తున్నారు, రోజూ ఆ మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి. అక్కకు తెలియదా?

"తెలీకేం? అమ్మేది మనం గదా, మన నెల చూసుకుంటే సాలు అనుకుంటి" అంది, గొంతు సన్నగా చేసుకుని.

ఇక ఆగలేకపోయాను. "ఇల్లు వేలానికి పోతుంటే నెలలు లెక్కపెట్టుకుంటారా? రేపు సామాన్లు రోడ్డు మీద పడితే ఏ నెల వచ్చి ఎత్తుతుంది?" అని అరిచేశాను. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నాకు సిగ్గేసింది, కోపం మాత్రం దిగలేదు.

ఆడిలో ఒక్కరోజు ఉంది. పద్దెనిమిదో రోజు, ఆడి పెరుక్కు. కొత్త నీళ్ళ పండగ, ఆ రోజు ఏది మొదలుపెట్టినా పెరుగుతుందంటారు. ఆ రోజైతే సరేనని బీరువాల ఆయన తల్లి కబురు పంపింది. పరుగున క్యాలెండరు దగ్గరికి వెళ్ళి చూశాను కదా, ఆదివారం! రిజిస్ట్రేషన్ ఆఫీసుకు సెలవు. సోమవారం మళ్ళీ మామూలు ఆడి. మంగళవారం గడువు. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే మంచం మీద కూలబడ్డాను.

దారి అక్కకే తట్టింది. మా యానాంలోనూ ఉన్న ఆచారమే. ప్రయాణం చెడ్డ రోజున పడితే, ముందురోజు మంచి గడియలో ఒక సంచి పక్కింట్లో పెట్టి వస్తారు. దాన్ని పరస్థానం అంటారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, మర్నాడు ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు.

"షెడ్డు సావిని పరస్థానం పెడితే?" అంది, గోడకున్న తాళంచెవి వైపు చూస్తూ. "ఆదివారం వాళ్ళింట్లో పెట్టేస్తే అమ్మకం ఆ దినమే మొదలైపోలా? సోమవారం పోయేది మిగిలిన పనికే గదా."

ఆదివారం పొద్దున ముగ్గురం వెళ్ళాం. అక్క తన తమిళంలో అంతా విడమర్చి చెప్పింది. బీరువాల ఆయన తల్లి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. నేను కాలి బొటనవేలితో నేలను రాస్తూ కూర్చున్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. అయిపోయింది, వద్దంటుంది అనుకున్నాను. పళ్ళెంలో పసుపు, కుంకుమ పెట్టుకుని వచ్చింది.

అన్న తాళంచెవి జేబులోంచి తీశాడు గాని పళ్ళెంలో పెట్టడు. ఆ కొనే ఆయనతో, తాళానికి నూనె వెయ్యాలనీ, లేకపోతే ఎడమవైపు పట్టేస్తుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆయన ఓపిగ్గా తలూపాడు.

"పెట్టేయి" అంది అక్క మెల్లగా. పెట్టాడు.

సోమవారం రిజిస్ట్రేషన్ ఆఫీసులో జనం లేరు, ఆడి పుణ్యమా అని. మధ్యాహ్నానికి పని అయిపోయింది, డబ్బూ చేతికొచ్చింది. మంగళవారం బ్యాంకులో డబ్బు కట్టాం. అప్పు మంగళవారం తీరిస్తే మళ్ళీ రాదని అక్క దారంతా చెబుతూనే ఉంది, ఈసారి నేను కిక్కురుమనలేదు. ఇంటికి రాగానే గేటు మీద నోటీసును నీళ్ళు కొట్టి నేనే గీకేశాను. వీధిలో వాళ్ళు మళ్ళీ చెప్పులు సర్దుకున్నారు. చూడండి, బాగా చూడండి అని మనసులో తిట్టుకున్నాను.

బుధవారం ఆఫీసుకు దిగుతుంటే అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియరు. రోజూ షెడ్డుకు బయల్దేరే వేళే అది. క్యారియరు ఖాళీగా ఉందేమో, మూత గలగలమంటోంది.

అక్క వాకిట్లోకి వచ్చింది.

"యాడికి?"

"యాడికీ లేదు."

ఆవిడ వచ్చి క్యారియరు చేతిలోంచి తీసుకుంది.

"ఈ ఇంటికోసరమే గదా అది అమ్మినాం" అంది. "రా, కొంచేపు ఇంట్లో కూచో."